ఫ్యాన్ గాలికి కదిలిన గీత

మా సార్ పోయారన్న కబురు నేను ల్యాబులో క్లాసు చెబుతుండగా వచ్చింది. ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి ఉంది. మూడుసార్లు గుర్రుమని ఆగింది. నాలుగోసారి తీశాను. సార్ భార్య. ఆవిడను నేను మొదటి నుంచీ అమ్మా అనే పిలుస్తాను. "పోయినాడమ్మా మీ సారు. అన్నం తిని పడుకున్నాడు. కాఫీకి లేపితే లేవలా," అంది. గొంతులో ఏడుపు లేదు. పాలు విరిగిపోయాయని చెప్పినట్టు చెప్పింది. బోర్డు మీద సగం గీసిన చేప బొమ్మ అలాగే వదిలేసి, సంచి భుజానికి తగిలించుకుని, పిల్లలకు ఒక్క మాటైనా చెప్పకుండా బయటికొచ్చేశాను. కాలేజీ గేటు దాటి రోడ్డు మీద కాలు చురుక్కుమన్నాక గానీ చెప్పులు ల్యాబు గుమ్మం దగ్గరే ఉండిపోయాయని తెలియలేదు.

చిత్తూరులో తిరుపతి బస్సెక్కాను. సీటు దొరికినా కూర్చోలేకపోయాను. లేచి నిలబడ్డాను, మళ్ళీ కూర్చున్నాను, కిటికీ తీశాను, మూశాను. పక్కనున్న పెద్దావిడ విసుగొచ్చి వేరే సీటుకు వెళ్ళిపోయింది. పూతలపట్టు దగ్గర బస్సు ఆగితే దిగేసి రోడ్డు పక్కన నిలబడ్డాను. "ఏమ్మా, ఈడే దిగతావా, తిరుపతికి వస్తావా?" అని కండక్టరు అడిగితే మళ్ళీ ఎక్కాను.

నన్ను నిలవనివ్వనిది దుఃఖం ఒక్కటే అయితే ఈ నాలుగు మాటలు రాయడం సులువయ్యేది. సారూ నేనూ కలిసి చేసిన తప్పు ఒకటుంది. దాన్ని దిద్దే పని ఇద్దరం మొదలుపెట్టాం, సగంలో ఉంది. ఆ సంగతి మా ఇద్దరికీ, అమ్మకీ తప్ప లోకంలో ఎవరికీ తెలియదు. ఆయన పోయారు కాబట్టి నేను నోరు మూసుకుంటే ఆ తప్పు లేనట్టే. ఈ ఆలోచన నాకు పూతలపట్టు రోడ్డు మీదే వచ్చింది. మనిషి ఒళ్ళు చల్లబడిందో లేదో, నా బుద్ధి అక్కడికి పోయింది. అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

సార్ తిరుపతిలో జంతుశాస్త్రం చెప్పేవారు. నా పరిశోధనకు ఆయనే గైడు. సొంతూరు పాకాల దగ్గర పల్లె. క్లాసులో పుస్తకాల భాష, ల్యాబులో పాకాల భాష. ఆయన జీవితమంతా చేపలను చూడటమే. చేపల శరీరం కాదు, చేపల నడవడిక. చేప ఎప్పుడు గుంపులో కలుస్తుంది, ఎప్పుడు విడిపోతుంది, కొత్త నీళ్ళలో వేస్తే ముందు ఎటు పోతుంది, భయపడితే ఏం చేస్తుంది. మార్కెట్టుకు పోయినా బతికున్న చేపల తొట్టి ముందు నిలబడిపోయేవారు. అమ్మే ఆమె ఒకరోజు విసుక్కుంది. "కొంటావా సామీ, సూస్తావా? సూసేదానికైతే పక్కకు నిలబడి సూడు, బేరం పోతాది," అంది. సార్ నిజంగానే పక్కకు జరిగి మళ్ళీ చూశారు. చేతిలో ఉత్త సంచితో ఇంటికొచ్చినందుకు అమ్మ ఏమన్నదో నాకు తెలియదు.

కంప్యూటర్లు రాకముందు ఆయనకొక పద్ధతి ఉండేది. గాజు పళ్ళెం కింద గళ్ళు గీసిన తెల్ల కాగితం పెట్టేవారు. ఎడమ పక్క ఒక గిన్నెలో చింతగింజలు, కుడి పక్క ఖాళీ గిన్నె. చేప ఒక గీత దాటినప్పుడల్లా ఒక గింజ ఎడమ నుంచి కుడికి. గడియారం ఆగాక గింజలు లెక్కపెడితే చేప ఎంత తిరిగిందో తేలిపోతుంది. కాగితం మీద రాసుకోవచ్చు కదా సార్ అని అడిగాను. "రాయబోతే కండ్లు కిందికి పోతాయి. గింజ తీసేదానికి కండ్లెందుకు?" అన్నారు.

నేను ఆయన దగ్గర చేరేనాటికి ల్యాబులో కెమెరా వచ్చింది. గది తలుపు వేసి, కిటికీలకు నల్లగుడ్డ కట్టి, తెల్లటి పళ్ళెంలో వేలి కణుపంత జీబ్రా చేపను వదిలి, పైనుంచి పది నిమిషాలు వీడియో తీస్తాం. ఆ వీడియోను కంప్యూటర్‌కిస్తే, ప్రతి బొమ్మలోనూ కదిలే నల్లచుక్కను వెతికి పట్టుకుని, చుక్కలన్నీ కలిపి గీత గీస్తుంది. ఆ గీతే చేప తిరిగిన దారి. ఎంత దూరం, ఎంత వేగం, ఎంతసేపు అంచున, ఎంతసేపు నడుమ, అన్నీ అదే చెప్పేస్తుంది. నాకైతే పండగే. నేను నగరిలో మగ్గాల ఇంట్లో పుట్టినదాన్ని. పవర్‌లూమ్ చప్పుడు ఆగితే ఏదో అనర్థం జరిగినట్టు ఉలిక్కిపడి లేచే అలవాటు నాది. గింజలు పట్టుకుని కదలకుండా కూర్చోవడం నా ఒంటికి పడదు.

సార్‌కు నా తొందర చూస్తే నవ్వు. "అంత బిరబిరా ఎందుకు పాపా, సేపకేమన్నా బస్సుండాదా?" అనేవారు. కోప్పడటం తక్కువ. కానీ ఒక ప్రశ్న మాత్రం వదిలేవారు కాదు. నేను ఏ ఫలితం పట్టుకొచ్చినా, "నువ్వు సూసినావా, కంప్యూటర్ సూసిందా?" అని అడిగేవారు. నేను చూశాను సార్ అనేదాన్ని. మొదట్లో నిజంగానే చూసేదాన్ని. వీడియోలు వందల్లోకి వచ్చాక, పైపైన నాలుగు తిరగేసి చూశానని చెప్పడం మొదలుపెట్టాను. ఆ అబద్ధం అప్పట్లో అబద్ధమని కూడా అనిపించలేదు.

మా పని మామిడితోటల్లో కొట్టే ఒక పురుగుమందు మీద. తోటల పక్కన కుంటలుంటాయి, వానకు మందు కొట్టుకుపోయి వాటిలో కలుస్తుంది. ఆ కాస్త మందు చేపను చంపదు, మరి ఏం చేస్తుంది? ఇదీ మా ప్రశ్న. ఒకే పళ్ళెం కాబట్టి మందు చుక్క మంచినీళ్ళ చేపకు అంటకూడదని సార్ ఒక వరస పెట్టారు. పొద్దున మంచినీళ్ళ చేపలు, మధ్యాహ్నం మందునీళ్ళ చేపలు. ఆయన అతి జాగ్రత్తలో పెట్టిన వరస అది. ఇంకొన్ని కట్టుబాట్లు కూడా ఉండేవి. సెంటు పూసుకుని రాకూడదు, చెప్పులు బయట, మాటలు వద్దు, ఫ్యాన్ వెయ్యకూడదు. నీళ్ళు అలలు కొడితే చేప బెదురుతుందని ఆయన ఉద్దేశం.

తిరుపతి ఎండలు తెలిసినవాళ్ళకు ఆ గది ఎలా ఉండేదో చెప్పనక్కర్లేదు. కొండ మీది నుంచి వేడి దిగి ఊళ్ళో కూర్చుంటుంది. తలుపులు మూసి, నల్లగుడ్డ కట్టి, దీపాలు వేసుకుని, మే నెల మధ్యాహ్నం. సార్ భుజాన తువ్వాలు వేసుకుని చెమట తుడుచుకుంటూ రాయిలా కూర్చునేవారు. నావల్ల కాలేదు. ఆయన అన్నానికి ఇంటికెళ్ళిన గంటలో నేను ఫ్యాన్ వేసుకునేదాన్ని. మధ్యాహ్నపు వీడియోలు ఎక్కువగా ఆ గంటలోనే తీసేదాన్ని. మెట్ల మీద చప్పుడు వినిపించగానే ఆపేసేదాన్ని. పొద్దునపూట ఆ అవసరం ఉండేది కాదు. పొద్దున చల్లగానే ఉండేది, పైగా సార్ పక్కనే ఉండేవారు.

ఫలితం చూసి ఇద్దరం ఎగిరి గంతేశాం. మందునీళ్ళ చేపలు మంచినీళ్ళ చేపలకంటే ఎన్నో రెట్లు తిరిగాయి. కంప్యూటర్ గీసిన గీత చూస్తే దారపు ఉండను పిల్లి చిందరవందర చేసినట్టుంది. చేప ఒక్క క్షణం నిలవలేకపోయిందని, అల్లాడిపోయిందని రాశాం. పరిశోధన పత్రికలో మా పేపరు అచ్చయింది. నాకు డాక్టరేటు వచ్చింది, దాంతో చిత్తూరులో ఉద్యోగం వచ్చింది. సార్ అంతటితో ఆగకుండా తోటల రైతుల దగ్గరికి వెళ్ళి ఆ గీతను చూపించి, కుంట పక్క వరసల్లో ఈ మందు కొట్టొద్దని బతిమాలారు. ఆయన ముఖంలో అంతటి సంబరం నేను అంతకుముందు చూడలేదు. ముప్ఫయ్యేళ్ళు చేపలను చూసినందుకు ఇప్పటికి ఒకరికి పనికొచ్చానమ్మా అన్నారు నాతో.

మొన్న వేసవిలో చిత్తూరు కాలేజీలో మా పిల్లలకు ఇదంతా చూపిద్దామని ప్లాస్టిక్ పళ్ళెంలో ఒక చేపను వదిలి, పైన ఫోన్ బిగించి, పక్కన కంప్యూటర్ పెట్టాను. చేప కొత్త చోటికి జడిసి మూలకు చేరింది. ఉక్కగా ఉంటే ఒకమ్మాయి లేచి ఫ్యాన్ వేసింది. తెర మీద గీత గబగబా పళ్ళెం నడుమ గింగిరాలు తిరగడం మొదలుపెట్టింది. "మేడమ్, సేప ఆడుండాది, గీత ఈడ తిరగతా ఉండాదే?" అని పిల్లలు నవ్వారు. నేనూ నవ్వబోయాను. నవ్వు సగంలో ఉండగానే వెళ్ళి ఫ్యాన్ ఆపాను. గీత ఆగిపోయింది.

కంప్యూటర్‌కు చేప అంటే ఏమిటో తెలియదు. కదిలేది ఏదైతే అదే దానికి చేప. కదలకుండా చాలాసేపు ఉన్నదాన్ని అది పళ్ళెం అడుగుతో కలిపేసి మరిచిపోతుంది. ఫ్యాన్ గాలికి నీళ్ళు వణికి, దీపం వెలుగు ఆ వణుకు మీద తళుక్కుమంటే, ఆ తళుకునే చేప అనుకుని వెంటపడుతుంది. ఇంటికెళ్ళి పాత వీడియోలు తీసి ఒక్కొక్కటే నా కళ్ళతో చూశాను. మధ్యాహ్నపు వీడియోల్లో దాదాపు అన్నింటిలోనూ అదే కథ. మేము అల్లాడిపోయిందని రాసిన చేప మూలన బిగుసుకుని నిలబడి ఉంది. అల్లాడింది నా ఫ్యాన్ గాలి.

నగరిలో మా ఇంట్లో నేతలో ఎక్కడన్నా పోగు తప్పితే ఆ భాగం మడత లోపలికి పోయేట్టు మడిచేవాళ్ళు. నేనూ నాలుగు నెలలు అదే చేశాను. మూడుసార్లు హార్డ్‌డిస్క్ సంచిలో వేసుకుని తిరుపతి వెళ్ళాను. సార్‌కు అప్పటికే గుండె జబ్బు, ఎక్కువ నడవకూడదన్నారు. మొదటిసారి అమ్మ పెట్టిన సంగటి, ఊరిబిండి తిని, ఎండలెలా ఉన్నాయో మాట్లాడి వచ్చేశాను. రెండోసారి వాళ్ళ వీధి మొదట్లో నుంచే తిరిగి బస్టాండుకు వచ్చేశాను. మూడోసారి లోపలికెళ్ళి కూర్చోకుండానే చెప్పేశాను. కూర్చుంటే చెప్పలేనని నాకు తెలుసు.

సార్ మంచం మీద కూర్చుని శనక్కాయలు ఒలుస్తున్నారు. "సార్, మన పేపరు తప్పు," అన్నాను. ఫ్యాన్ సంగతి, తళుకుల సంగతి, పిల్లలు నవ్విన సంగతి ఒక్క బిగిన చెప్పేశాను. ఆయన ఒలిచిన గింజలు పళ్ళెంలో వేసి, చేతులు దులుపుకుని, ఎప్పటి ప్రశ్నే అడిగారు.

"నువ్వు సూసినావా, కంప్యూటర్ సూసిందా?"

"నేనే చూశాను సార్. అన్నీ చూశాను."

ఒక వీడియో పెట్టమన్నారు. టీవీకి తగిలించి పెట్టాను. మూలన చేప, నడుమ పిచ్చిగీత. మూడుసార్లు వేయించుకుని చూశారు. తిడతారని ఎదురుచూస్తున్నాను. ఆ తిట్లన్నీ నాలుగు నెలలుగా నాకు నేనే తిట్టుకుని కంఠతా పట్టి ఉన్నాను.

"ఫ్యాను తిరగతా ఉండేది నాకు తెలుసు పాపా," అన్నారు. "నేను లోపలికొచ్చేసరికి రెక్కలు ఇంకా ఆగేవి కావు. నువ్వేమో ఏమీ తెలీనట్ట కుచ్చోని ఉండేదానివి. బిడ్డ ఎండకు తట్టుకోలేకుండాదే, సేపలేమీ బెదరలేదు గదా అని గమ్మునుండినాను."

నాకు ఏడుపు రావాలి, కోపం వచ్చింది. పెద్దాయన, జబ్బు మనిషి అని కూడా చూడలేదు. "ఆ పొద్దే నన్ను తిట్టింటే ఐపోయేది గదా సార్!" అని అరిచాను. తిరుపతిలో ఇన్నేళ్ళు నేర్చుకున్న మర్యాద భాషంతా పోయి నా నగరి గొంతు బయటికొచ్చింది. వంటింట్లోంచి అమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అవును. తిట్టాల్సింది," అన్నారు సార్.

కాసేపటికి ఆయనే లెక్క తీశారు. తన కళ్ళజోడు తుడుచుకుంటూ, పొద్దున ఒకరకం, మధ్యాహ్నం ఇంకోరకం తీయడం తన తప్పని, ఫ్యాన్ లేకపోయినా ఆ పోలిక నిలవదని, చేప పొద్దున ఉన్నట్టు మధ్యాహ్నం ఉండదని వివరించారు. ఆయన శుభ్రం, నా చెమట, ఆయన జాలి, మూడూ కలిసి ఆ గీతను గీశాయి. తప్పయిందని పత్రికకు రాయాలి, రైతులకూ చెప్పాలి అన్నారు. నా పేరు మీద రాస్తాను సార్, ఫ్యాన్ వేసింది నేను అంటే ఒప్పుకోలేదు. అచ్చయినప్పుడు ఇద్దరి పేర్లూ ఉన్నాయి కదా, ఇప్పుడు నా పేరెక్కడికి పోవాలి అన్నారు. అయితే ఉత్త తప్పని రాసి చేతులు దులుపుకోకూడదు, ఆ చేపలు నిజంగా ఏం చేశాయో చూసి మరీ రాయాలి. ఎలా చూస్తాం సార్, అన్ని వీడియోలా అంటే, అమ్మను పిలిచి చింతగింజలున్నాయా అని అడిగారు.

అలా మొదలైంది. ప్రతి ఆదివారం పొద్దున్నే నేను చిత్తూరు నుంచి వచ్చేదాన్ని. టీవీ తెర మీద గళ్ళు గీసిన పారదర్శకపు కాగితం అంటించారు. మంచం మీద ఆయన, కింద చాప మీద నేను, చెరో రెండు స్టీలు గిన్నెలు. ఒకరి లెక్క ఇంకొకరికి చెప్పకుండా కాగితం మీద రాసి, చివర్న కలిపి చూసుకోవాలి. తేడా వస్తే వీడియో మళ్ళీ మొదటి నుంచి. తేడా వచ్చినప్పుడల్లా తప్పు నాదే అయ్యేది. "ఎవురైనా ఇంట్లో ఆదివారం పూట సినిమా సూస్తారు. మా ఇంట్లో నిలబడిపోయిన సేపను సూస్తారు," అని అమ్మ పక్కింటావిడతో చెప్పుకునేది. రెండు వారాలు పోయాక అమ్మే కూరగాయలు తెచ్చుకుని మా వెనక కూర్చుని తరుగుతూ చూడటం మొదలుపెట్టింది. అది నిద్రపోతోందా అని ఒకరోజు అడిగింది.

"నిద్ర కాదే. సూడు, పక్క రెక్కలు ఎంత బిరబిరా ఆడిస్తా ఉండాదో. ఊరికే నిలబడేదానికి ఎంత కష్టపడతా ఉండాదో సూడు," అన్నారు సార్.

నేను అప్పుడు చేపను కాకుండా ఆయనను చూశాను. మెడ దగ్గర నరం కొట్టుకుంటోంది. మనిషి మంచం మీద కదలకుండా కూర్చుని ఉన్నాడు. ఆయన నిదానస్తుడని, కుదురైన మనిషని, నాలాగా కాదని ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఆ కుదురు వెనక ఆయన కూడా ఎంత అవస్థ పడుతున్నారో నాకు ఆ ఆదివారం దాకా తోచనే లేదు. పేపరు తప్పని తెలిసిన రోజు నుంచి ఆయనకు నిద్ర సరిగా పట్టడం లేదని అమ్మ తర్వాత చెప్పింది. నాతో ఒక్క మాట అనలేదు.

మధ్యాహ్నపు వీడియోలు సగం పైగా అయ్యాయి. ఆ ఆదివారం తర్వాత బుధవారం నాడు పోయారు.

పదకొండో రోజు దాటాక విభాగంలో సంతాప సభ పెట్టారు. పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఎడమ పక్క నవ్వుతున్న సార్ ఫోటో, దానికి దండ. కుడి పక్క నిలువెత్తున ఆ గీత. పిల్లి చిందరవందర చేసిన దారపు ఉండ. మాట్లాడిన ప్రతివాళ్ళూ దానికేసి చెయ్యి చూపించి, మందుకు చేప పడే బాధను లోకానికి చూపించిన మహానుభావుడన్నారు. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. నేను కుర్చీలో ఎన్నిసార్లు అటూ ఇటూ కదిలానో నాకే తెలియదు. మాట్లాడమని పిలిస్తే లేచి, సార్ నాకు చూడటం నేర్పాలని ప్రయత్నించారు, నేను నేర్చుకోలేదు అని చెప్పి దిగిపోయాను. వినయం అనుకుని చప్పట్లు కొట్టారు.

అందరూ టిఫిన్లకు లేచినప్పుడు విభాగాధిపతిని పక్కకు పిలిచి అంతా చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. సార్ శిష్యుడే, సార్ పాడె మోసినవాడే. "పెద్దాయన పోయినాడు. దండ ఇంకా వాడలేదు. ఇప్పుడు దీన్నంతా ఎందుకు గెలకతావు? నిన్నెవురన్నా అడిగినారా? గమ్మునుండు," అన్నాడు. అని, ఆయన స్మారక సంచికకు ఆ పరిశోధన గురించి నన్నే రాసిమ్మన్నాడు.

నిజం చెబుతున్నాను, ఆ మాట నాకు హాయిగా ఉంది. వారం రోజులు ఆ హాయిని పట్టుకుని వేలాడాను. సార్ పేరు కాపాడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అన్నం ముందు కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు పోవాలో తెలిసేది కాదు. క్లాసులో ఒకే వాక్యం రెండుసార్లు చెప్పి పిల్లల చేత నవ్వించుకున్నాను. ఆదివారం వస్తే కాళ్ళు వాటంతటవే బస్టాండుకు పోయాయి.

అమ్మ తలుపు తీసి, ఆశ్చర్యపోకుండా, రా అంది. టీవీ మీద గళ్ళ కాగితం అలాగే ఉంది. తీసెయ్యనా అని నేను అడిగితే వద్దంది. నేను విభాగాధిపతి అన్న మాట చెప్పాను. సార్ పేరు చెడుతుందని భయంగా ఉందమ్మా అన్నాను.

"చెడేది ఆయన పేరా, నీ పేరా? ఆయన పేరు గురించి ఆయన ఈ మంచం మీద కుచ్చోనే తేల్చేసినాడు గదమ్మా. నువ్వు కూడా సూస్తివే," అంది.

తిట్టినట్టు కాదు, దెప్పినట్టు కూడా కాదు. తెలియక అడిగినట్టే అడిగింది. చాప పరిచాను. రెండో లెక్కకు మనిషి కావాలి కదా, ఒకరి లెక్క చాలదు కదా అని నేను నసుగుతుంటే ఆవిడే సార్ గిన్నెలు తీసుకుని మంచం మీద ఆయన చోట కూర్చుంది. ఆవిడ లెక్కకూ నా లెక్కకూ తేడా వచ్చిన ప్రతిసారీ మళ్ళీ వేసి చూశాం. అప్పుడు కూడా తప్పు నాదే.

పత్రికకు ఉత్తరం వెళ్ళిపోయింది. మా ఇద్దరి పేర్ల మీదే. మందునీళ్ళలో చేపలు అల్లాడిపోయాయని మేము రాసింది నిజం కాదని, అవి ఎక్కువసేపు కదలకుండా నిలబడ్డాయని, అది మందు వల్లనో మధ్యాహ్నపు వేళ వల్లనో మేము తీసిన వీడియోల నుంచి చెప్పలేమని, ఫ్యాన్ ఎవరు వేశారో, వరస ఎవరు పెట్టారో, ఎవరు చూసి ఊరుకున్నారో, ఆయన చెప్పమన్నట్టే అంతా రాశాను. జవాబు రాలేదు. నా డిగ్రీ ఏమవుతుందో, ఉద్యోగం ఏమవుతుందో నాకు తెలియదు. మామిడి రైతుల దగ్గరికి ఇంకా వెళ్ళలేదు, వెళ్ళాలి. మందు మంచిదని చెప్పడానికి కాదు, మాకు తెలియనిది తెలిసినట్టు చెప్పామని ఒప్పుకోవడానికి. స్మారక సంచికకు రాసిమ్మన్నది ఇదే. వేస్తారో లేదో వాళ్ళ ఇష్టం.

చివరి వీడియో సంగతి చెప్పి ఆపుతాను. పది నిమిషాలూ అయిపోయాయి. అమ్మ కాఫీ పెట్టడానికి లేచింది. నేను లెక్క రాసుకుంటూ టీవీ ఆపడం మరిచిపోయాను. కంప్యూటర్ పది నిమిషాలే లెక్కలోకి తీసుకునేది గానీ, కెమెరా ఎవరో వచ్చి ఆపేదాకా తిరుగుతూనే ఉండేది. ఆ తోక ముక్కలు నేను ఏ రోజూ చూడలేదు, చూసే పని పడలేదు. తలెత్తేసరికి తెర మీద నీళ్ళు నిదానించి ఉన్నాయి. ఫ్యాన్ ఆపేసి ఉంటాను. చేప ఇంకా మూలనే ఉంది. తెర అంచు నుంచి ఒక చెయ్యి లోపలికొచ్చింది. చొక్కా మోచేతి పైదాకా మడిచి ఉంది. గడియారం తీసేసిన చోట మణికట్టు తెల్లగా ఉంది. అవి మందునీళ్ళని ఆ చేతికి తెలుసు. అయినా మెల్లగా నీళ్ళలో మునిగి, చేపను పట్టుకోకుండా, వేళ్ళు కొంచెం విప్పుకుని అలాగే ఉండిపోయింది.

కాఫీ గ్లాసులతో వచ్చిన అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. "మీ సారే," అంది. చెయ్యి కదల్లేదు. ఎంతసేపో కదల్లేదు. చేప మూల వదిలి రవ్వంత ముందుకొచ్చి ఆగింది. మళ్ళీ రవ్వంత వచ్చింది. ఆ తర్వాత ఆగకుండా వచ్చి ఆయన వేళ్ళ మధ్యకు చేరింది.